డాలియా దుంప చెప్పే మధుమేహ చరిత్ర

మార్గశిర, పుష్య మాసాల చలిలో మన ఇళ్ళ ముంగిట కుండీలలో విచ్చుకొనే పూలలో, బంతి చామంతుల సరసన చూపును నిలిపేది డాలియా. దీనిని పెంచేవారిలో చాలామంది పువ్వునే ఎరుగుదురు. మట్టిలో దాగిన దుంపను అంతగా పట్టించుకోరు. వైద్యశాస్త్ర చరిత్రలో స్థానం సంపాదించుకొన్నది మాత్రం ఆ దుంపే. ఇన్సులిన్ ఇంకా అందుబాటులోకి రాని కాలంలో, మధుమేహ రోగికి ఏ ఆహారం పెట్టాలో తోచని వైద్యులు ఈ దుంపలోని పిండి వైపు ఆశగా చూశారు. ఆ ఆశ ఎందుకు పుట్టింది, ఎంతవరకు నిలిచింది, అదే పిండి ఆ తరువాత మూత్రపిండాల పనితీరుకు కొలబద్దగా ఎలా మారింది అన్నదే ఈ వ్యాసవిషయం.

ఈ కథ చెప్పడంలో నాకొక ప్రయోజనం ఉంది. డాలియా దుంపలో ఉండేది ‘ఇనులిన్’. మధుమేహ రోగులు సూదిమందుగా తీసుకొనేది ‘ఇన్సులిన్’. వినడానికి ఒకే మాటలా తోచే ఈ రెండింటికీ ఉన్న అంతరం ఎంతటిదో తెలియకపోతే ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆ అంతరాన్ని చరిత్ర కంటె బాగా చెప్పగలిగినది మరొకటి లేదు.

మెక్సికో కొండల నుంచి మాడ్రిడ్ తోటకు

డాలియా జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా దేశాల ఎత్తైన కొండప్రాంతాలు. అక్కడి ఆజ్టెక్ ప్రజల నహువాటల్ భాషలో దీనికి ‘అకోకోట్లి’ వంటి పేర్లు ఉండేవి. నీటిని, గొట్టాన్ని స్ఫురింపజేసే మాటలవి. కొన్ని జాతుల కాండం లోపల బోలుగా ఉండటమే అందుకు కారణం.

స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ 1570లో తన ఆస్థాన వైద్యుడు ఫ్రాన్సిస్కో హెర్నాండెజ్‌ను అక్కడి ఓషధులను పరిశీలించి రమ్మని పంపాడు. ఆయన ఏడేళ్ళపాటు ఆ దేశంలో తిరిగి, స్థానిక వైద్యులను అడిగి తెలుసుకొని, అక్కడి చిత్రకారులచేత బొమ్మలు వేయించి, వేలకొద్దీ మొక్కల వివరాలు నమోదు చేశాడు. వాటిలో డాలియా జాతులు కూడా ఉన్నాయి. తన గ్రంథం అచ్చుకావడం ఆయన చూడలేదు; 1587లో మరణించాడు. ఆయన రచనలలో కొంతభాగం 1651లో రోమ్ నగరంలో వెలువడింది. ఎస్కోరియల్ రాజప్రాసాదంలో భద్రపరచిన మూలప్రతులు 1671 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఒక ప్రజ తరతరాలుగా కూడబెట్టుకొన్న ఓషధీజ్ఞానం ఎంత సన్నని దారం మీద ఆధారపడి మనదాకా వచ్చిందో దీనిని బట్టి మీరు గ్రహించవచ్చు.

ఆ తరువాత సుమారు రెండు శతాబ్దాలకు, 1789లో, మెక్సికో నగర వృక్షోద్యానానికి చెందిన విసెంటె సెర్వాంటెస్ కొన్ని విత్తనాలను మాడ్రిడ్ లోని రాజోద్యానానికి పంపాడు. అక్కడ ఆంటోనియో కవనిల్లెస్ అనే మతాచార్యుడు, వృక్షశాస్త్రవేత్త వాటిని మొలకెత్తించి పూయించాడు. 1791లో ఆ మొక్కకు ‘డాలియా’ అని నామకరణం చేశాడు. అది స్వీడన్ దేశస్థుడైన ఆండర్స్ డాల్ స్మృత్యర్థం పెట్టిన పేరు. లిన్నేయస్ శిష్యుడైన డాల్ వైద్యం, వృక్షశాస్త్రం రెండూ బోధించినవాడు. 1789లో, నలభై ఏళ్ళైనా నిండకుండానే కన్నుమూశాడు. తన పేరు మోసే పువ్వును ఆయన ఎన్నడూ చూసి ఉండడు. జర్మనీలో విల్డెనో అనే శాస్త్రవేత్త ఇదే మొక్కకు ‘జార్జీనా’ అని మరొక పేరు పెట్టాడు. శాస్త్రం దానిని అంగీకరించకపోయినా, రష్యాలోను తూర్పు ఐరోపా దేశాలలోను ప్రజలు నేటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

ఆహారంగా ఓడి, అలంకారంగా గెలిచి

అమెరికా ఖండం నుంచి వచ్చిన బంగాళాదుంప ఐరోపా పేదల ఆకలిని తీర్చింది. అదే ఖండం నుంచి వచ్చిన ఈ కొత్త దుంప కూడా అలాగే అక్కరకు వస్తుందని కొందరు ఆశించారు. కాని తిని చూసినవారికి దాని ఘాటు, వగరు నచ్చలేదు. పశువులు సైతం ఇష్టపడలేదంటారు. వంటింటి తలుపు మూసుకొన్నాక డాలియా పూలతోటలోకి అడుగుపెట్టింది.

ఇంగ్లండుకు చెందిన లేడీ హాలండ్ 1804లో మాడ్రిడ్ నుంచి విత్తనాలను లండన్ లోని తన ఇంటికి పంపింది. ఫ్రాన్స్‌లో నెపోలియన్ భార్య జోసెఫీన్ తన మల్మెసాన్ తోటలో ఈ మొక్కలను పెంచింది. 1872లో మెక్సికో నుంచి హాలండుకు చేరిన ఒక పెట్టెలోని దుంపలు దారిలోనే దాదాపు అన్నీ కుళ్ళిపోగా, ఒక్కటి మాత్రం బతికింది. దాని ఎర్రని, మొనదేలిన రేకులు పూలప్రియులను ఆశ్చర్యపరచాయి. మెక్సికో అధ్యక్షుడు బెనీటో హువారెజ్ పేరిట దానికి ‘హువారెజియై’ అని పేరు పెట్టారు. నేడు మనం చూసే కాక్టస్ రకాలకు మూలం అదే. తమ కొండలలో పుట్టిన డాలియాను మెక్సికో 1963లో జాతీయ పుష్పంగా ప్రకటించుకొన్నది.

ఇన్ని రంగులు, ఇన్ని ఆకారాలు ఎలా సాధ్యమయ్యాయి? మన శరీరకణాలలో క్రోమోజోములు రెండేసి జతలుగా ఉంటాయి. తోట డాలియాలో అవి ఎనిమిదేసి వరుసలుగా, మొత్తం 64 ఉంటాయి. అందువల్ల విత్తనం నుంచి మొలిచిన ప్రతి మొక్కా తల్లికి భిన్నంగా ఉండే అవకాశం ఎక్కువ. నచ్చిన రకాన్ని నిలుపుకోవాలంటే దుంపతోనో కొమ్మ కత్తిరింపుతోనో పెంచవలసిందే.

అయోడిన్‌కు లొంగని పిండి

తోటలలో పువ్వు వెలిగిపోతుండగా, ప్రయోగశాలలో దుంప మరో కథను ప్రారంభించింది. 1804లో జర్మన్ రసాయనవేత్త వాలెంటిన్ రోజ్, ‘ఇనులా హెలీనియం’ అనే ఓషధి వేళ్ళను నీటిలో మరిగించి చల్లార్చగా అడుగున ఒక తెల్లని పొడి పేరుకొన్నది. చూపుకు గంజిపిండిని పోలినా గుణంలో అది వేరు. తరువాత థామస్ థామ్సన్ అనే శాస్త్రవేత్త, ఆ మొక్క పేరు మీదుగానే దానిని ‘ఇనులిన్’ అన్నాడు. 1820లలో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్సెల్మ్ పేయెన్ డాలియా దుంప నుంచి ఒక పిండిని వేరుచేసి ‘డాలిన్’ అని పేరు పెట్టాడు. అదీ ఇనులినే అని పిమ్మట తేలింది. 1864లో జూలియస్ సాక్స్ డాలియా దుంప ముక్కలను ఆల్కహాలులో ఉంచి, సూక్ష్మదర్శిని కింద గుండ్రని ఇనులిన్ స్ఫటికాలను చూడగలిగాడు.

బియ్యంలోను బంగాళాదుంపలోను ఉండే పిండి గ్లూకోజ్ అణువుల గొలుసు. దానిపై అయోడిన్ చుక్క వేస్తే నీలం రంగు తిరుగుతుంది. ఇనులిన్ ప్రధానంగా ఫ్రక్టోజ్ అణువుల గొలుసు; అయోడిన్‌తో నీలం కాదు. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆ గొలుసును తెంచగల ఎంజైము మన చిన్నప్రేగులలో లేదు. కాబట్టి అది రక్తంలోకి గ్లూకోజ్‌గా చేరదు. జీర్ణం కాకుండానే పెద్దప్రేగుకు పోతుంది. మధుమేహ వైద్యులకు ఆశ కలిగించినది ఈ గుణమే.

ఇన్సులిన్‌కు ముందటి రోజులు

ఆ ఆశ ఎంత సహజమో తెలియాలంటే ఆనాటి పరిస్థితిని మీరు ఊహించుకోవాలి. చిన్న వయసులో మధుమేహం వచ్చిన బిడ్డ ఎంత తిన్నా చిక్కిపోయేది. దాహం తీరేది కాదు. చివరకు స్పృహ కోల్పోయి మరణించేది. వ్యాధి బయటపడిన తరువాత చాలామంది పిల్లలు ఒకటి రెండేళ్ళకు మించి బతకలేదు. వైద్యుని చేతిలో ఉన్నది ఆహార నియమం ఒక్కటే.

1870–71లో జర్మన్ సేనలు పారిస్ నగరాన్ని ముట్టడించినప్పుడు తిండి దొరకక జనం అల్లాడారు. ఆ సమయంలో తన మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర తగ్గడాన్ని బుషార్డా అనే వైద్యుడు గమనించాడు. పిండిపదార్థాలను తగ్గించడం, శ్రమ చేయడం అనే మార్గానికి ఆయన పరిశీలనలు బలం చేకూర్చాయి. 1874లో జర్మన్ వైద్యుడు ఎడువార్డ్ క్యూల్జ్ మధుమేహ రోగులకు రోజుకు 50 నుంచి 120 గ్రాముల ఇనులిన్ ఇచ్చి చూశాడు. వారి మూత్రంలో దానివల్ల చక్కెర కనిపించలేదు. పిండిని పోలిన ఆహారం, అయినా చక్కెర పెంచనిది! అప్పటి వైద్యులకు అది ఎంతటి శుభవార్తగా తోచి ఉంటుందో చెప్పనక్కరలేదు. డాలియా దుంపలోని ఇనులిన్‌ను విడగొట్టి తీసిన ఫ్రక్టోజ్‌ను కూడా మధుమేహ రోగుల చక్కెరగా ఐరోపాలోను అమెరికాలోను వాడి చూశారు.

అయితే ఈ ఆశలో ఒక లోపం ఉంది. ఇనులిన్ రక్తంలో చక్కెరను పెంచనిది అరగదు గనుకనే. అరగనిది ఒంటికి పెద్దగా శక్తిని కూడా ఇవ్వదు. సాధారణ పిండి ఒక గ్రాముకు నాలుగు కెలోరీలు ఇస్తే, ఇనులిన్ ఇచ్చేది ఒకటిన్నరకు మించదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఆ పిల్లల శరీరంలో లోపించినది ఆహారం కాదు. తిన్న ఆహారాన్ని కణాలలోకి చేర్చే హార్మోను. ఆ లోటును ఏ దుంపా తీర్చలేదు.

1910ల నాటికి న్యూయార్క్ వైద్యుడు ఫ్రెడరిక్ ఆలెన్ మరో దారి లేక ఉపవాస చికిత్సను ప్రవేశపెట్టాడు. రోగికి ప్రాణం నిలిచే మేరకే తిండి పెట్టేవారు. దానివల్ల కొందరు మరికొన్ని నెలలు, కొందరు కొన్నేళ్ళు బతికారు. కాని ఎముకల గూళ్ళుగా మిగిలారు. అమెరికా ప్రముఖుడు చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కుమార్తె ఎలిజబెత్, పదిహేనవ ఏట టొరంటో నగరానికి చికిత్స కోసం చేరేనాటికి సుమారు 20 కిలోల బరువు మాత్రమే ఉంది.

1922 జనవరి

1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్క శరీరం నుంచి క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. లోపం క్లోమంలో ఉందని దానితో తేలింది. ఆ గ్రంథిలో చిన్న చిన్న ద్వీపాల వలె ఉండే కణసమూహాలను లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి 1869లోనే గుర్తించి ఉన్నాడు. వాటి స్రావాన్ని వేరుచేయడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

1921లో టొరంటో విశ్వవిద్యాలయంలో మెక్లాయిడ్ ప్రయోగశాలలో బాంటింగ్, బెస్ట్ ఆ పని ప్రారంభించారు. 1922 జనవరి 11న లెనర్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలునికి తొలి సూది వేశారు. మందు శుద్ధంగా లేనందున ఆశించిన ఫలితం రాలేదు. సూది వేసిన చోట చీముగడ్డ లేచింది. జేమ్స్ కాలిప్ అనే రసాయనవేత్త దానిని శుద్ధిచేసిన తరువాత, జనవరి 23 నుంచి మళ్ళీ ఇచ్చారు. ఈసారి చక్కెర దిగివచ్చింది, బాలుడు తేరుకొన్నాడు. అతడు మరో పదమూడేళ్ళు జీవించాడు. అదే ఏడాది ఆగస్టులో చికిత్సకు చేరిన ఎలిజబెత్ హ్యూస్ పెళ్ళిచేసుకొని, పిల్లల తల్లియై, 1981 వరకు జీవించింది. కనుగొన్నవారు తమ పేటెంటు హక్కును తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు.

ఆనాటితో మధుమేహ చికిత్సలో డాలియా దుంప పాత్ర దాదాపు ముగిసింది.

రెండు పేర్లు, రెండు పదార్థాలు

ఇన్సులిన్ అనే పేరు లాటిన్ భాషలో ద్వీపం అనే అర్థమిచ్చే ‘ఇన్సులా’ నుంచి వచ్చింది. ఆ హార్మోను చేజిక్కక ముందే, 1909లో, బెల్జియం శాస్త్రవేత్త జాన్ ద మేయర్ ఆ పేరును సూచించాడు. బాంటింగ్, బెస్ట్ మొదట దానిని ‘ఐలెటిన్’ అని పిలిచారు; తరువాత ‘ఇన్సులిన్’ స్థిరపడింది. ఇనులిన్ పేరు ‘ఇనులా’ అనే మొక్క నుంచి వచ్చిందని పైన చూశారు గదా. ఒకటి మొక్క పేరు, మరొకటి ద్వీపం పేరు. అక్షరాల పోలిక కేవలం యాదృచ్ఛికం.

పదార్థాలూ అంతే. ఇనులిన్ మొక్కలు నిలవచేసుకొనే పిండి వంటిది. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలతో ఏర్పడిన మాంసకృత్తు. దానిని మింగితే మన జీర్ణరసాలు మామూలు ఆహారం లాగే ముక్కలు చేస్తాయి. సూదిమందుగా ఇవ్వడానికి కారణం అదే.

మన తెలుగు ఇళ్ళలో ఈ గందరగోళానికి మరొకటి తోడైంది. ‘ఇన్సులిన్ మొక్క’ అన్న పేరుతో కాస్టస్ జాతి మొక్కను చాలామంది కుండీలలో పెంచుతూ, రోజూ ఆకు నములుతున్నారు. ఆ ఆకులో ఇన్సులిన్ లేదు.  ఒకవేళ ఉన్నా, నమిలి మింగితే నిలవదని ఇప్పుడే చెప్పుకొన్నాం. ఆకు నమలడం వరకు పెద్ద హాని లేకపోవచ్చు. దానిని నమ్మి సూదిమందు మానితేనే హాని. మొదటి రకం మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే గంటలలో, రోజులలో రక్తం ఆమ్లమయమై 1922కు పూర్వపు స్థితి తిరిగి వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, లోతైన వేగమైన శ్వాస, ఊపిరిలో పండ్ల వాసన, మగత కనిపిస్తే ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయక తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. రెండవ రకం మధుమేహంలో సైతం వైద్యుడు చెప్పకుండా మందు మార్చరాదు.

మూత్రపిండాలకు కొలబద్ద

చికిత్సలో ఓడిన ఇనులిన్, పరీక్షలో నెగ్గింది. మూత్రపిండాలు నిమిషానికి ఎంత రక్తద్రవాన్ని వడపోస్తున్నాయో కొలవడానికి ఒక ప్రత్యేక పదార్థం కావాలి. అది వడపోతలో స్వేచ్ఛగా దిగిపోవాలి. దారిలో నాళికలు దానిని తిరిగి పీల్చుకోకూడదు, కొత్తగా కలపనూ కూడదు. శరీరం దానిని ఖర్చుచేయకూడదు. రక్తనాళంలోకి ఎక్కించిన ఇనులిన్‌లో ఈ లక్షణాలన్నీ ఉన్నాయని 1930లలో న్యూయార్క్‌లో హోమర్ స్మిత్, జేమ్స్ షానన్, ఫిలడెల్ఫియాలో రిచర్డ్స్ బృందం నిరూపించారు. ఆరోగ్యవంతుడైన యువకునిలో ఆ వడపోత నిమిషానికి సుమారు 120 మిల్లీలీటర్లని తెలిసింది. ప్రయోగశాలలకు అందిన ఇనులిన్‌లో ఎంతో భాగం డాలియా దుంపల నుంచి తీసినదే.

ఇనులిన్ పరీక్ష శ్రమతో కూడినది కనుక నేడు రోజువారీ వైద్యంలో చేయరు. మీ రక్తపరీక్ష కాగితం మీద క్రియాటినిన్ పక్కన ‘ఇ.జి.ఎఫ్.ఆర్.’ అని ఒక అంకె ఉంటుంది. అది అదే వడపోతకు లెక్కగట్టిన అంచనా. క్రియాటినిన్ ఎంతవరకు నమ్మదగినదో మొదట తేల్చుకొన్నది ఇనులిన్‌తో పోల్చి చూసే. మధుమేహం ఉన్నవారు ఏడాదికొకసారి ఆ అంకెను, మూత్రంలో ఆల్బుమిన్‌ను తప్పక చూపించుకోవాలి. మధుమేహ రోగి ఆకలి తీర్చలేకపోయిన దుంప, ఆ రోగి మూత్రపిండాలను కాపాడే జ్ఞానానికి ఈ విధంగా తోడ్పడింది.

నేటి ఇనులిన్

ఇప్పుడు దుకాణాలలో దొరికే ఇనులిన్ ఎక్కువగా చికోరీ వేరు నుంచి వస్తుంది. మన ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరీ అదే మొక్క. వేయించడంతో దానిలోని ఇనులిన్ చాలావరకు మారిపోతుంది. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఈ జాతి పిండి కొంత ఉంది. ఇది పెద్దప్రేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమౌతుంది. చికోరీ ఇనులిన్ రోజుకు 12 గ్రాములు తీసుకొంటే మలవిసర్జన సులభమౌతుందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో అంగీకరించింది. ఒక్కసారిగా ఎక్కువ తీసుకొంటే కడుపుబ్బరం, గ్యాసు తప్పవు. ప్రేగులు సున్నితంగా ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. ఇది పీచుపదార్థం, మధుమేహానికి మందు కాదు. నర్సరీలో కొన్న డాలియా దుంపలను మాత్రం తినకండి. తెగుళ్ళ మందులతో శుద్ధిచేసి ఉంటాయి.

మన పెరటిలో

ఇంత చరిత్ర ఉన్న మొక్కను పెంచాలనిపిస్తే, మన మైదానాలలో అక్టోబరు, నవంబరు నెలలు అనువైనవి. కొండల చల్లదనానికి అలవాటుపడిన మొక్క కనుక మన ఎండాకాలాన్ని తట్టుకోవడం కష్టం. ఉదయపు ఎండ తగిలేచోట, నీరు నిలవని గుల్ల మట్టిలో నాటండి. దుంప ఎంత పెద్దదైనా, కాండం మొదట్లోని కన్ను లేకపోతే మొలవదు; విడదీసేటప్పుడు ప్రతి దుంపకు ఆ కన్ను ఉండేలా కోయండి. మొక్క జానెడు ఎత్తయ్యాక తల తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. ఊతకర్ర కట్టండి. యూరియా ఎక్కువైతే ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది. పూత ముగిసి ఆకులు ఎండాక దుంపలను తవ్వి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో దాచుకోండి.

తోటపని చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించండి. చామంతి కుటుంబపు మొక్కలు కొందరి చర్మానికి పడవు; దురద వస్తే చేతితొడుగులు ధరించండి. మట్టిలో గాయమైతే ధనుర్వాతం టీకా ఎప్పుడు తీసుకొన్నారో గుర్తుచేసుకొని వైద్యుని సంప్రదించండి. కుండీల కింది పళ్ళేలలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికొకసారైనా పారబోసి తుడవండి. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు పెరటిలోకి చెప్పులు లేకుండా వెళ్ళకూడదు. పని ముగించి వచ్చాక అరికాళ్ళు పరీక్షించుకోవాలి.

ఈసారి మందుల దుకాణంలో గాని, ఫోనుకు వచ్చిన సందేశంలో గాని ఈ మాట ఎదురైనప్పుడు, అది ఇనులినా, ఇన్సులినా అని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదవండి. ఇంట్లో ఇన్సులిన్ తీసుకొనేవారు ఉంటే వారి చేత కూడా చదివించండి.